మేకపిల్లకు సాంబ్రాణి పొగ

ఒకప్పుడు మేకపిల్ల తోకకు ఏ పనీ ఉండేది కాదు. ఊరికే వెనకాల వేలాడుతూ ఉండేది, అంతే.

నవ్వకండి, నిజమే చెప్తున్నా. ఆవు తోక చూడండి, ఈగల్ని తోలుతుంది. కుక్క తోక సంగతి సరేసరి, అన్నం పెట్టేవాళ్ళ ముందు ఎంత ఊగాలో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మేక తోక మాత్రం బెత్తెడు కూడా ఉండదు. ఈగ వాలితే అక్కడిదాకా అందదు. సిగ్గేసి ఏమైనా దాచుకుందామన్నా దానికి చాలదు.

"దేవుడు తోకలు పంచేటప్పుడు మీరెక్కడ ఆకులు మేస్తా ఉన్నారో?" అని ఎనుము అడిగేది. ఎనుమంటే బర్రె. బురదలో మెడదాకా మునిగి లేచొచ్చి, పక్కవాళ్ళ అందచందాల గురించి మాట్లాడటం దానికి మహా ఇష్టం.

ఆ రోజుల్లో మేకలకు ఇంకో సుఖం కూడా ఉండేది. పిల్లను కనడం, వెనక్కి తిరిగి చూడకుండా మేతకు పోవడం. నాకడాలు, తుడవడాలు ఏమీ లేవు. తడిపిల్లను ఎండ ఆరబెట్టేది. ఇక ఏ పిల్ల ఎవరిదో గుర్తుపెట్టుకునే పని గాలిది. ఎందుకంటే ప్రతి మేకపిల్లా పుట్టుకతోనే తనదైన ఒక వాసన తెచ్చుకుంటుంది. ఆ వాసనను గాలి మోసుకొచ్చి తల్లి ముక్కు ముందు పెట్టేది.

"ఇదిగోమ్మా, నీ పిల్ల ఆ రేగుపొద పక్కన ఉంది. ఆకలేస్తోందంట" అనేది గాలి.

"ఊఁ, వస్తాలే" అనేది తల్లిమేక. నోట్లో ఉన్న రెమ్మ పూర్తిగా నమిలి, మింగి, ఇంకో రెమ్మ కూడా అందుకొని, అప్పుడు తీరిగ్గా పోయి పాలిచ్చేది. గాలికి ఒక్కరోజైనా సెలవు ఇచ్చిందా? ఒక్క మంచిమాటైనా చెప్పిందా? అబ్బే. మహారాణులు కదా!

ఇలాంటి మహారాణులు ఒక మంద నిండా ఉండేవి మద్దిలేటి దగ్గర. కొండ కింద ముళ్ళకంచె వేసిన దొడ్డి అతనిది. మనిషి మంచివాడే. చెడ్డ గుణం ఒకటే, తనకు తెలియనిది ఏదీ లేదనుకుంటాడు. మేకకు దగ్గొచ్చినా, మబ్బు పట్టినా, పక్కింటివాళ్ళ కోడి గుడ్డు పెట్టకపోయినా "దానికేముందప్పా, నన్నడగండి" అంటాడు. పాపం, ఎవరూ అడగరు. అయినా చెప్తాడు.

ఆ ఏడు మద్దిలేటి ఇంట్లో బిడ్డ పుట్టింది. అతని పెళ్ళాం సుంకమ్మ బాలింత. మద్దిలేటి తల్లి ఓబులవ్వ రోజూ పొద్దున్నే మనవరాలికి నీళ్ళు పోసేది. ఆ వైభోగం చూడాల్సిందే. అవ్వ పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ బారజాపుకునేది. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి ఆముదం రాసేది, పిండితో నలుగు పెట్టేది, తలకు శీకాయ పులిమేది, చెంబులతో వేణ్ణీళ్ళు పోసేది. ఒళ్ళు తుడిచాక పెంకులో నిప్పులేసి, సాంబ్రాణి చల్లి, పైన గంప బోర్లించి, ఆ గంప మీద బిడ్డ తల ఆనించి పొగ పట్టేది. చివర్న బుగ్గకు కాటుకతో దిష్టిచుక్క. ఇంత జరిగాక బిడ్డ హాయిగా నిద్రపోయేది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది కదా, నిద్రపోక ఏం చేస్తుంది?

ఈ తతంగమంతా కంచె సందులోంచి ఒక మేక రోజూ చూస్తూ ఉండేది. దాని పేరు బొల్లి. నల్లటి ఒంటి మీద నుదుటిన తెల్లటి మచ్చ ఉండేది, అందుకే ఆ పేరు. ఆ మచ్చ దేవుడు పెట్టిన బొట్టని, మందలో తను తప్ప తక్కినవన్నీ ఏదో లెక్క నింపడానికి పుట్టాయని దాని గట్టి నమ్మకం. అప్పటికి అది చూలుతో ఉంది. తొలిచూలు. అందుకని కళ్ళు ఇంకొంచెం నెత్తికెక్కాయి.

"చూశావా ఎనుమక్కా?" అంది బొల్లి. "ఆ బిడ్డకు అన్ని నీళ్ళు, అంత పొగ. రేపు నా బిడ్డ పుడితే మట్టిలో దొర్లాలా? మేము కనేవి పిల్లలు కావా?"

"కడిగించుకో తల్లీ, కడిగించుకో" అంది ఎనుము బురదలోంచి. "కడిగితే తోక కూడా పొడుగవుతుందేమో."

బొల్లికి ఆ ఎత్తిపొడుపు అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు బాగుపడతారు కదా, అందుకని.

మర్నాడు మద్దిలేటి దొడ్డి తడిక తీసి "హై హై" అని అదిలించాడు. మంద కదిలింది. బొల్లి కదలలేదు. గుంజ దగ్గరే కూలబడి మూతి అటు తిప్పుకుంది.

"ఏమైందే నీకు? లేయ్" అన్నాడు మద్దిలేటి.

"నా పిల్లకు నీళ్ళు పోస్తానని మాటిస్తేనే లేస్తా. పిండి, శీకాయ, సాంబ్రాణి, అన్నీ కావాల. నీ కూతురికి తక్కువ కాకుండా జరగాల."

ఇంకొకడైతే దోటికర్ర తిప్పి ఒక్కటిచ్చి లేపేవాడు. మద్దిలేటి అలా కాదు. "ఇది నీకు చేతనవుతుందా?" అని ఎవరైనా అంటే చాలు, చేతకాని పని కూడా చేసి చూపిస్తాడు.

"ఓస్, ఇంతేనా! పురిటి స్నానం నాకు తెలీనిదా?" అన్నాడు. తెలుసట! సొంత కూతురికి నీళ్ళు పోసేటప్పుడు "ఆ తువ్వాలు అందుకోరా" అని తల్లి పిలిస్తే, "మేకలు చేలో పడ్డాయమ్మా" అని పరుగెత్తే మనిషి.

ఈ మాట చెవిన పడగానే మందలో ఉన్న చూలుమేకలన్నీ ఆగిపోయాయి. "బొల్లి పిల్లకేనా? మా పిల్లలేం పాపం చేశాయి?" అని ఒకటే గోల. మద్దిలేటి అందరికీ ఒప్పేసుకున్నాడు. పెద్దమనసు మరి.

లోపలినుంచి సుంకమ్మ విని, బిడ్డను ఎత్తుకొని గడపదాకా వచ్చింది. "ఏమయ్యా, పుట్టిన మేకపిల్లకు నీళ్ళు పోస్తారా ఎవరైనా? ముక్కూమూతీ తుడిచి తల్లి ముందర పడేస్తే చాలదా?" అంది.

"నీకేం తెలుసు, నువ్వు ఊరుకో" అన్నాడు మద్దిలేటి. నిన్నగాక మొన్న బిడ్డను కన్న మనిషితో అన్నమాట అది! సుంకమ్మ అతని వంక ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు అర్థం చేసుకునే మనిషా మద్దిలేటి?

ఇక మేకలు ఈనే కాలం వచ్చింది. ముసురు పట్టిన ఒక పొద్దున బొల్లి ఈనింది. నల్లటి పిల్ల. బొల్లి ఒక్కసారి వంగి వాసన చూసింది. "ఊఁ, బాగానే ఉంది, నా పిల్ల కదా" అనుకుంది. "ఇక నీళ్ళు పోయండి" అని చెప్పి, తోకైనా ఊపకుండా మేతకు పోయింది. ఊపడానికి ఆ తోకేం నేర్చుకుంది గనక? ఆ రోజే ఇంకొన్ని మేకలు కూడా ఈని, పిల్లల్ని దొడ్లోనే వదిలి దాని వెనకే కొండెక్కాయి.

ఓబులవ్వ పొరుగూరికి పోయి ఉంది. చెప్పేవాళ్ళు లేరు. ఇంకేం, మద్దిలేటి పీట వేసుకొని కూర్చున్నాడు.

తల్లి లాగే కాళ్ళు బారజాపాడు. బొల్లి పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టాడు. మనిషి బిడ్డకున్నవి రెండు కాళ్ళు. అవి కూడా ఊరికే గాల్లో తన్నుకుంటాయి. మేకపిల్లకు నాలుగు, పైగా పుట్టిన కాసేపటికే లేచి నిలబడాలని చూస్తుంది. ఇటు పట్టుకుంటే అటు జారింది. అటు పట్టుకుంటే ఇటు జారింది. ఆముదం రాశాక ఇక చెప్పేదేముంది!

చివరికి మద్దిలేటికి ఒక ఉపాయం తోచింది. ఎడమచేత్తో పిల్ల తోకను మొదలుకంటా గుప్పిట బిగించి పట్టుకున్నాడు. కుడిచేత్తో పిండి రుద్దాడు, శీకాయ పులిమాడు, నీళ్ళు పోశాడు. "మే... మే..." అని పిల్ల గొంతు చించుకుంది.

"అరువు అరువు, ఊపిరితిత్తులకు మంచిది" అన్నాడు మద్దిలేటి.

అలాగే ఒకదాని తర్వాత ఒకటి, అన్ని పిల్లలకూ అయింది. తర్వాత పెంకులో నిప్పులు, నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి. మేకపిల్లల్ని దాచడానికి గంప ఎటూ దొడ్లో ఉండనే ఉంది. ఓబులవ్వ గంప మీద బిడ్డ తల ఆనించేది. ఇతను పిల్లలన్నిటినీ గంప కిందే కూరి పొగ వదిలాడు. ఆయన తెలివి ఆయనది. కాసేపటికి గంప తీస్తే పిల్లలు కళ్ళు ఎర్రగా చేసుకొని, తుమ్ముకుంటూ, ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికొచ్చాయి. చివర్న ఒక్కోదాని బుగ్గకు కాటుక చుక్క. నల్లపిల్లల మీద నల్లచుక్క! ఏ దిష్టికళ్ళు దాన్ని చూసి భయపడతాయో మీరే చెప్పాల.

మద్దిలేటి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి చూసుకున్నాడు. "పెళ్ళికొడుకుల్లాగ లేవూ?" అని ఎనుమును అడిగాడు.

"ఓ, బాగున్నాయి. ఏ పెళ్ళికొడుకు ఏ పెళ్ళికూతురిదో ఇప్పుడు పెళ్ళివాళ్ళే తేల్చుకోవాల" అంది ఎనుము. జీవితంలో మొదటిసారి అది పనికొచ్చే మాట అంది. వినేవాడు ఉంటే కదా.

సాయంత్రానికి ముసురు చిక్కబడింది. చలిగాలి మొదలైంది. పిల్లలింకా తడిగానే ఉన్నాయి. ఎండ లేదు, ఎవరు ఆరబెడతారు? పుట్టినప్పటినుంచి చుక్క పాలు పడలేదు. మేకపిల్ల బతకాలంటే తొలిపాలు పడాలి, చిక్కగా పసుప్పచ్చగా ఉండే ముర్రుపాలు. అవి కడుపులో పడితే చలినైనా, ఏ రోగాన్నైనా తట్టుకుంటుంది. పడలేదా, అంత చలికి తెల్లారేదాకా కూడా ఉండదు. సరదా మాటలన్నీ ఇక్కడిదాకానే, పిల్లలూ. బొల్లి పిల్ల అన్నిటికన్నా చిన్నది. అప్పటికే దాని ముక్కు చల్లబడింది.

మంద కొండ దిగింది. తల్లుల పొదుగులు రాయిలాగ గట్టిపడి సలుపుతున్నాయి. అందరికన్నా ముందు బొల్లి దొడ్లోకి పరుగెత్తుకొచ్చింది.

"గాలీ, నా పిల్ల ఎక్కడుంది? వాసన తీసుకురా" అని కేకేసింది.

గాలి పిల్లల మధ్యకు పోయింది. ఒకదాన్ని వాసన చూసింది. సాంబ్రాణి. రెండోదాన్ని చూసింది. శీకాయ, దాని మీద సాంబ్రాణి. ఇంకోదాన్ని చూసి తుమ్మింది.

"ఏందబ్బా ఇది?" అంది గాలి. "అన్నీ ఒకటే వాసన! ఇది గుడి లాగుంది గానీ మేకలదొడ్డి లాగా లేదు."

"నీ పని నువ్వు చెయ్యి" అంది బొల్లి.

"నా పని మొయ్యడం. ఉన్నదే మోస్తా. సాంబ్రాణి కావాలంటే ఎంతైనా మోసుకొస్తా, తీసుకో" అని గాలి ఒక్క విసురు విసిరింది. అంతటి బొల్లీ తుమ్మింది.

అప్పుడు బొల్లి పిల్ల తల్లిని చూసింది. పిల్లకు వాసనలతో పనేముంది? "మే" అంటూ తడబడే కాళ్ళతో పోయి పొదుగు కింద తల దూర్చింది.

బొల్లి వంగి వాసన చూసింది. సాంబ్రాణి! "ఛీ, ఎవరి పిల్లే నువ్వు? పో!" అని ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల వెళ్ళి కంచె దగ్గర పడింది.

పడి, లేచి, మళ్ళీ వచ్చింది. బొల్లి మళ్ళీ కుమ్మింది. తర్వాత దొడ్డి మధ్యలో నిలబడి, మెడ చాచి, ఊరంతా వినబడేలా ఏడ్చింది బొల్లి. "నా పిల్లేదీ? నా బంగారు పిల్లేదీ? ఎవరెత్తుకుపోయారు?" అని. ఏడుస్తూనే, కాళ్ళ దగ్గరికొచ్చిన తన పిల్లనే ఇంకోసారి కొమ్ముతో నెట్టేసింది.

తక్కిన మేకలదీ అదే గోల. ఒక్కో తల్లి పిల్ల కోసం అరుస్తోంది, వచ్చిన పిల్లనల్లా కుమ్ముతోంది. పిల్లలు ఈ తల్లి దగ్గర్నుంచి ఆ తల్లి దగ్గరికి, అక్కడినుంచి ఇంకో తల్లి దగ్గరికి దెబ్బలు తింటూ తిరుగుతున్నాయి.

మద్దిలేటికి చెమటలు పట్టాయి. "దానికేముంది, నన్నడగండి" అనబోయి ఆగాడు. బొల్లి పిల్ల ఏదో అతనికీ తెలియలేదు. "ఇది కాదు... ఇదేనేమో... దిష్టిచుక్క ఉన్నది చూడు..." అన్నాడు. దిష్టిచుక్క లేనిది ఏదీ అక్కడ? ఏదో ఒక పిల్లను పట్టుకొని, బొల్లి కొమ్ము ఒడిసిపట్టి, బలవంతంగా పాలు తాగించబోయాడు. బొల్లి వెనక్కాలితో మోకాలి మీద ఒక్కటిచ్చింది. మద్దిలేటి పీట మీద కూలబడ్డాడు. అదే పీట.

సరిగ్గా అప్పుడే పొరుగూరినుంచి వచ్చిన ఓబులవ్వ తడిక తీసింది. ఒక్క పీల్పు పీల్చింది. "ఎవడ్రా మేకపిల్లలకు సాంబ్రాణి వేసింది?" అంది.

మద్దిలేటి దోటికర్ర వంక మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

సుంకమ్మ బిడ్డను పొత్తిళ్ళలో చుట్టుకొని బయటికొచ్చింది. కంచె పక్కన మూడంకె వేసుకొని పడి ఉన్న చిన్నపిల్లను చూసింది. "అయ్యో, ఇది పోతుందయ్యా" అంది. "మన బిడ్డకు ఎన్ని నీళ్ళు పోసినా నేను మొహం చూసి గుర్తుపడతా. పొద్దస్తమానం నా ఒళ్ళోనే ఉంటది. మేకకు మొహాలు తెల్సునా? దానికి కన్నూ చెవీ అన్నీ ముక్కే కదా. ఆ ముక్కులోనే నువ్వు పొగ పెట్టినావు."

"తెలీక చేసినా" అన్నాడు మద్దిలేటి. తెలియదు అన్న మాట అతని నోట్లోంచి రావడం అదే మొదలు. ఓబులవ్వ కూడా తిట్టడం ఆపేసి, నోరు తెరుచుకొని కొడుకు వంక చూసింది.

చిన్నపిల్లకు ఇప్పుడు అరవడానికి కూడా ఓపిక లేదు. గాలి దాని దగ్గరికి వచ్చింది. ఎంతైనా గాలికి కాస్త జాలి ఎక్కువ.

"పిల్లా, నీ దగ్గర నీ వాసన ఎక్కడైనా కొంచెం మిగిలిందా?" అని అడిగింది.

"నాకు తెలీదు. మొత్తం కడిగేశాడు" అంది పిల్ల.

గాలి దాని చెవుల వెనక వెతికింది. ఆముదం. పొట్ట కింద వెతికింది. పిండి. కాళ్ళ సందుల్లో చూసింది. శీకాయ. ఎక్కడ చూసినా మద్దిలేటి చేతిపనే. అంత శ్రద్ధగా ఏ పనీ చేసిన మనిషి కాదు, ఇదొక్కటి మాత్రం తెగ శ్రద్ధగా చేశాడు.

"ఆ తోక ఒకసారి ఎత్తు" అంది గాలి.

"తోకెందుకు? అది దేనికీ పనికిరాదంట కదా. ఎనుమత్త చెప్పింది" అంది పిల్ల.

"ఎనుమత్త మాటలు తర్వాత వినొచ్చు. ముందు ఎత్తు."

పిల్ల బలమంతా కూడదీసుకొని తోక ఎత్తింది. తోక మొదట్లో, మద్దిలేటి గుప్పిట బిగించి పట్టుకున్న చోట, నీళ్ళు తగల్లేదు. శీకాయ అంటలేదు. పొగ కూడా పట్టలేదు, తోక ముడుచుకొని ఉండటం వల్ల. చిటికెన వేలంత చోటు. అక్కడ పుట్టినప్పటి వాసన అలాగే ఉంది.

"దొరికింది!" అని గాలి ఎగిరి గంతేసింది. "కానీ ఇంత కొంచెం నేను మోస్తే దారిలోనే పోతుంది, మధ్యలో సాంబ్రాణి అడ్డం ఉంది. నువ్వు తోక ఆడించాల. నువ్వు ఆడిస్తా ఉంటే నేను కొంచెం కొంచెంగా పట్టుకుపోతా. ఆపొద్దు."

"నాకు చలేస్తోంది."

"చలేసినా ఆపొద్దు."

పిల్ల తోక ఆడించింది. అటు, ఇటు. ఇటు, అటు. ఎప్పుడూ పనిచెయ్యని తోక కదా, మొదట్లో మొరాయించింది. తర్వాత అందుకుంది. చలికి ఒళ్ళంతా వణుకుతుంటే ఆ వణుకు కూడా తోకకే వచ్చి చేరింది. టపటపటప ఆడింది. గాలి ఆ వాసనను చిటికెడు చిటికెడుగా పట్టుకుపోయి బొల్లి ముక్కు దగ్గర పెట్టింది.

దొడ్డి మధ్యలో "నా బంగారు పిల్లేదీ" అని అరుస్తున్న బొల్లి, ఆ అరుపు సగంలోనే ఆపేసింది.

ముక్కుపుటాలు అదిరాయి. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. కంచె దగ్గరికి వచ్చి, తను ఇన్నిసార్లు కుమ్మి పడేసిన పిల్ల వెనక వంగి, తోక కింద వాసన చూసింది. చాలాసేపు చూసింది.

పొద్దున ఒక్కసారి వంగి చూసిన వాసనే అది. ఎవరూ ఎత్తుకుపోలేదు. పొద్దున్నుంచి ఇక్కడే ఉంది. పాల కోసం తన కాళ్ళ దగ్గరికే వచ్చింది. తనే పొమ్మంది.

"నువ్వేనా?" అంది బొల్లి. "నన్ను పిలవలేదేమే తల్లీ?"

"పిలిచా" అంది పిల్ల. "నువ్వు నా కోసమే ఏడుస్తున్నావు కదా, అందుకే నా మాట నీకు వినబళ్ళేదు."

బొల్లి నాలుక బయటపెట్టి పిల్లను నాకడం మొదలుపెట్టింది. ఏ మేకా అంతకుముందు చెయ్యని పని. మెడ నాకింది. వీపు నాకింది. శీకాయ చేదు, ఆముదం జిగట, సాంబ్రాణి ఘాటు. ఒక్కొక్క నాకుడుకూ మొహం చిట్లించింది, తుమ్మింది, మళ్ళీ నాకింది. తను కోరి పెట్టించుకున్న వైభోగం కదా, పిండి దగ్గర్నుంచి దిష్టిచుక్కదాకా అన్నీ తన నోటితోనే తినాల్సి వచ్చింది. నాకేకొద్దీ పిల్ల ఒంట్లో వేడి పుట్టింది, రోమాలు ఆరాయి. ముందుకాళ్ళు మడిచి, వెనక్కాళ్ళ మీద లేచి, తూలి, నిలబడింది. పోయి పొదుగు అందుకుంది.

ముర్రుపాలు గొంతులోకి దిగాయి. సుంకమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇంత సుఖం రాగానే పిల్ల తోక ఆడించడం మానేసింది. బొల్లి ఉలిక్కిపడింది. పొట్ట కింద ఉన్నది ఎవరో కనబడదు, అక్కణ్ణుంచి ఇంకా కొంచెం సాంబ్రాణి కొడుతోంది. "ఎవరే అది?" అని కాలెత్తింది. పిల్ల గబుక్కున మళ్ళీ తోక ఆడించింది. బొల్లి వెనక్కి వంగి వాసన చూసి "ఆఁ, నువ్వేలే, తాగు" అని కాలు దించింది. మళ్ళీ ఆపితే మళ్ళీ కాలెత్తింది. ఇక పిల్లకు అర్థమైపోయింది. నోరు తాగుతున్నంతసేపూ తోక ఆగకూడదు.

గాలి తక్కిన పిల్లల దగ్గరికి కూడా పరుగెత్తింది. మద్దిలేటి అన్నిటినీ తోక పట్టుకునే కడిగాడు కదా! అన్ని తోకలూ లేచాయి, ఆడాయి. ఒక్కొక్క తల్లీ పరుగెత్తుకొచ్చి వాసన చూసి, మొహం చిట్లించి, నాకి, పాలిచ్చింది. కాసేపటికి దొడ్డంతా తోకలే.

"తోకకు పని దొరికిందే!" అంది ఎనుము. అందులో ఎత్తిపొడుపు ఎంతుందో, నిజం ఎంతుందో దానికే తెలియలేదు.

ఓబులవ్వ లోపలికి పోయి సాంబ్రాణి డబ్బాను అటక మీద, మద్దిలేటికి అందని చోట పెట్టింది. "దానికేముందప్పా" అనే మాట మద్దిలేటి కొన్నాళ్ళు అనలేదు. చాలా కొద్ది నాళ్ళే లెండి. మేకపిల్ల పుడితే మాత్రం ముక్కూమూతీ తుడిచి, తల్లి ముందర పెట్టి, చేతులు కట్టుకొని దూరంగా నిలబడేవాడు. ఆ పక్క ఊళ్ళ మేకలకాపరులు కూడా అదే నేర్చుకున్నారు. ఎవరు నేర్పారని అడిగితే "నేనే" అనేవాడు మద్దిలేటి. ఒక రకంగా నిజమే.

బొల్లి మళ్ళీ ఈనింది, దాని పిల్ల పెరిగి అదీ ఈనింది. ఏ మేకా మళ్ళీ గాలి మీద భారం వేసి మేతకు పోలేదు.

అప్పటినుంచే మేక ఈనగానే, మేత మాట మరిచిపోయి, ఎవరి చెయ్యీ పడకముందే పిల్లను తనే నాకి ఆరబెట్టుకుంటుంది. అప్పటినుంచే పాలిచ్చే ముందు వంగి తోక కింద వాసన చూస్తుంది. మేకపిల్ల ఎంత తెలిసిన తల్లి దగ్గరైనా, ఎన్నిసార్లు తాగినా సరే, పొదుగు అందుకోగానే తోక టపటపా ఆడిస్తుంది. పాలు రుచిగా ఉండి ఆడిస్తోందని మనం అనుకుంటాం. కాదు. ఒకసారి కన్నతల్లే "ఎవరి పిల్లవి" అని అడిగింది కదా, అందుకని తాగుతున్నంతసేపూ "నేనేనమ్మా, నీ పిల్లనే" అని ఈ రోజుకీ చెప్తూనే ఉంటుంది.